పౌర్ణమి నాటి పట్టుబడి

"ఆ పెట్టె సంగతేందో చెప్పిందాకా నేను సంచి దించను నాయనా."

కెజియా గడప దగ్గర నిలబడి ఉంది. భుజాన హాస్టలు సంచి. గడప మీద అమ్మమ్మ రెబెక్కమ్మ అడ్డంగా కూచుంది. మనవరాలు దాటిపోకుండా కాళ్లు బారజాపి, ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. రేపటికి ఆ పిల్ల తల్లి అబిగయీలు పోయి ఏడాది. రేపు సాయంత్రమే జ్ఞాపకార్థ కూడిక. యాభై మందికి వండాలి.

తండ్రి క్రీస్తుదాసు బల్ల మీద కూచుని బూట్లకు దారాలు ఎక్కిస్తున్నాడు. ఎక్కించిన దారమే లాగి మళ్లీ ఎక్కిస్తున్నాడు.

"ఏ పెట్టె?"

"నిన్న కిషోర్ చిన్నాయన చెప్పిన పెట్టె. నాకు చెవుడా?"

నిన్న కంపెనీలో తోటి మనిషి కిషోర్ బాబు పందెం చొక్కా తెచ్చి ఇచ్చాడు. క్రీస్తుదాసు పనిచేసే రొయ్యల కంపెనీ వాళ్లు ఏటా నెల్లూరులో పరుగు పందానికి పోతారు. అక్కడ పోగయ్యే విరాళం డయాలసిస్ రోగులకు. ఈ ఏడు పందెం సరిగ్గా అబిగయీలు పోయిన తారీఖున పడింది. ఆమె కూడా డయాలసిస్ మనిషే. మేనేజరు నరేంద్రబాబు అది పట్టుకుని అందరి చొక్కాల వీపున ‘అబిగయీలు కోసం’ అని అచ్చు వేయించాడు. ముందు వరసలో నువ్వే పరిగెత్తాలి అన్నాడు. కాదనడానికి ఒక కారణం కావాలి. క్రీస్తుదాసు దగ్గరున్న కారణం నలుగురికి చెప్పేది కాదు.

చొక్కా చేతిలో పెట్టి వెళ్లబోతూ కిషోర్ బాబు గొంతు తగ్గించాడు. "రేపటి ప్రాక్టీసుకు పెట్టె వొద్దులే దాసన్నా. ఎవరి ఫోను వాళ్ల కాడే ఉంచుకుందాం."

తలుపు వెనక కెజియా ఉంది.

అప్పటినుంచి ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

"ఐసు పెట్టె," అన్నాడు క్రీస్తుదాసు. "సరుకు పెట్టె. పనిలో మాట."

"పరిగెత్తే కాడ సరుకేంది?"

"ఏందే నీ వకీలు ప్రశ్నలు?" రెబెక్కమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే అంది. "నాలుగు రోజులు ఇంటికొచ్చినావు. మీ అమ్మ కూడిక ముంగిట్లో పెట్టుకుని సంచి తగిలించుకుంటావా? ఊరు ఏమనుకుంటది?"

"ఊరితో నాకేం పని అవ్వా?"

"నాకుంది. ఈ ఊళ్లో ఉండేది నేను."

చొక్కాను రెబెక్కమ్మే గోడకు తగిలించింది. అబిగయీలు ఫోటో పక్కన. పొద్దున్నే పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి కూడా చెప్పింది. అల్లుడు పందెం ముగించుకుని ఆ చొక్కాతోనే వస్తాడు, కూడికలో నిలబడి సాక్ష్యం చెబుతాడు అని.

క్రీస్తుదాసు ఆ చొక్కా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి బూట్ల దారాలు దొరికాయి.

"పోయినేడు కూడా పేరిచ్చినావా పరుగుకి?" కెజియా అడిగింది.

"ఇచ్చినా. మీ అమ్మ పోయె. ఇంక యాడ పరిగెత్తేది?"

"ప్రాక్టీసుకు పోయినావా?"

అతను దారం లాగి ముడి బిగించాడు.

"నాయనా. నిన్నే."

"సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి ప్రాక్టీసు ఉండాది," అని లేచాడు. "వాళ్లు కాచుకోని ఉంటారు."

రెబెక్కమ్మ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. మనవరాలికి ఇవ్వని దారి అల్లుడికి ఇచ్చింది. ఇస్తూ ఒక్కసారి తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. ఏడాదిగా ఆమె ఈ చూపు చూస్తోంది. ఆ చూపులో ఏముందో అతనికి అందలేదు. జాలి అనుకున్నాడు. అలా అనుకుంటే అతనికి సులువు.

*

సరుగుడు తోపు దాటితే ఇసుక. ఇసుక దాటితే సముద్రం. పట్టపుపాలెం జాలర్ల పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. కంపెనీ మనుషులు పదిమంది అప్పటికే కాళ్లూ చేతులూ విదిలిస్తున్నారు.

"వచ్చినాడు మా కెప్టెను!" అంది గంగాభవాని. ప్యాకింగు సెక్షను మనిషి. ఆ పాలెం పిల్లే. పరుగులో మగవాళ్లను కూడా వెనక్కి నెడుతుంది. "ఏందన్నా, మొగం ఎండుచేప మాదిరి పెట్టినావు? రేపు నువ్వు ముందుండాల. వెనకబడితే మేం తొక్కుకోని పోతాం, ఇప్పుడే చెప్తుండా."

అందరూ నవ్వారు. క్రీస్తుదాసు నవ్వలేదు.

పరుగు మొదలైంది. తడి ఇసుక మీద నాలుగు కిలోమీటర్లు పోయి, తిరిగి రావాలి. మొదటి కిలోమీటరులోనే అతనికి ఊపిరి బరువెక్కింది. రేపు ఆమె పేరు వీపున మోస్తూ నెల్లూరు రోడ్ల మీద పరిగెత్తాలి. జనం చప్పట్లు కొడతారు. కొట్టనీ. చప్పట్లకేం తెలుసు?

పోయినేడాది ఈ ఇసుక మీదే.

అప్పుడు ప్రాక్టీసు తెల్లవారుజామున ఉండేది. కుర్రవాళ్లు పది అడుగులు వేస్తే ఒకసారి ఆగి ఫోన్ చూసుకునేవాళ్లు. క్రీస్తుదాసుకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా రొయ్యల గుంటల దగ్గర యాభై మందితో పని చేయించిన సూపర్‌వైజరు. అతని మాటకు ఎదురు లేదు. కంపెనీ నుంచి ఒక థర్మాకోల్ పెట్టె తెప్పించాడు. రొయ్యల్ని ఐసులో వేసి పంపే పెట్టె. అందరి ఫోన్లూ అందులో వేయించి మూత పెట్టేవాడు. ముగించి వచ్చేదాకా ఎవరూ తెరవకూడదు. టైము చూడటానికి కిషోర్ బాబు ఫోను ఒక్కటే బయట.

మందం పెట్టె. బిగువు మూత. పక్కనే సముద్రం ఘోష. లోపల ఏది మోగినా బయటికి రాదు.

ఆ శనివారం పొద్దున, మట్టల ఆదివారానికి ముందు రోజు, అబిగయీలు ఏడుసార్లు ఫోన్ చేసింది.

పెట్టె మూత తీసినప్పుడు ఆరూ ఇరవై. అతను పడుతూ లేస్తూ బండి మీద ఇల్లు చేరేసరికి పక్కింటి పేరమ్మ ఆమెను ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆటో గూడూరు చేరింది. ఆమె చేరలేదు.

ఆసుపత్రి వరండాలో రెబెక్కమ్మ అడిగింది. "ఫోన్ ఎత్తలేదంట. యాడున్నావు నాయనా?"

"పట్టుబడిలో," అన్నాడు. "నడుము లోతు నీళ్లలో ఉండా. ఫోను గట్టు మీద ఉండాది."

ఆ మాట అతను వెతుక్కోలేదు. అదే వచ్చింది. గుంటలో నీళ్లు దించి రొయ్యల్ని వలకెత్తే పని అతని బతుకు. నాలుక దానికి అలవాటు పడింది. ఎవరూ మారుమాట అడగలేదు. మూడో ఆదివారం రెబెక్కమ్మ మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నా అల్లుడు కూటి కోసం నీళ్లలో దిగి ఉన్నాడు, అతన్ని ఎవరూ ఒక్క మాట అనొద్దు అని. స్తోత్రం అన్నారు అందరూ. క్రీస్తుదాసు కూడా అన్నాడు.

అదీ అతను చేసిన పని. అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. దాన్ని ఆ తల్లి నోట దేవుడి ముందు చెప్పనివ్వడం ఇంకో ఎత్తు.

తిరుగు దారిలో కిషోర్ బాబు పక్కన చేరాడు.

"కెజియా ఏమన్నా అడిగిందా అన్నా?"

"నీ నోరు ఊరుకుంటే ఎందుకు అడగతది?"

"తప్పయింది. ఆ పెట్టె మళ్లీ ముట్టుకోలా నేను. ఆ పొద్దుటి ఫోటో ఇంకా నా ఫోన్లో ఉండాది. తీసేద్దామనుకుంటా. చెయ్యి రాదు. దాంట్లో నువ్వు నవ్వతా ఉండావన్నా. ఆ నవ్వు మళ్లీ చూడలా."

క్రీస్తుదాసు నడకలోకి దిగాడు. కిషోర్ బాబు కూడా దిగాడు. గంగాభవాని వెనక్కి తిరిగి వచ్చింది.

"ఏందన్నా, ఆగినారు?"

"ఆ సంగతే," అన్నాడు కిషోర్ బాబు.

గంగాభవాని కాసేపు కాలివేలితో ఇసుక గీసింది. "ఒక మాట అడగనా దాసన్నా? కోపం పడొద్దు. అబద్ధం చెప్పేవాడివి, పట్టుబడి అని ఎందుకు చెప్పినావు?"

"ఏం?"

"ఆ పొద్దు పౌర్ణమి గదా. పౌర్ణమి నాడు పట్టుబడి ఏందన్నా? మా పాలెంలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. మా యమ్మ ఆ రోజే అడిగింది. ‘ఏమే, మీ కంపెనీ వాళ్లకు పిచ్చా?’ అనింది. నేను నోరు మూయించినా."

క్రీస్తుదాసు కాళ్లు ఇసుకలో నిలిచిపోయాయి.

పౌర్ణమికీ అమావాస్యకీ రొయ్య పెంకు వదులుతుంది. ఒళ్లు మెత్తబడిన రొయ్యను ఏ కంపెనీ ఎత్తదు. పౌర్ణమికి నాలుగు రోజుల ముందే వలలు మడిచి పక్కన పెట్టాలని పదిహేనేళ్లుగా ఊరూరూ తిరిగి రైతులకు చెప్పిన మనిషి, ఆ ఒక్క పొద్దున ఆకాశాన్ని మరిచిపోయాడు.

ఊరికి తెలుసు. ఏడాదిగా ఊరంతటికీ తెలుసు.

ఇంకొకటి గుర్తొచ్చింది. రెబెక్కమ్మ ఇరవై ఏళ్లు రొయ్యల షెడ్డులో కూచుని తలలు తీసిన మనిషి. ఆమె వేళ్లు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. షెడ్డు ఏ రోజు తెరుస్తారో, ఏ రోజు మూస్తారో ఆమె చంద్రుణ్ణి చూసి చెప్పేది.

ఆమె తెలిసే చెప్పింది.

"అన్నా, ఇంకా కిలోమీటరు పరిగెత్తాల," అంటున్నాడు కిషోర్ బాబు. క్రీస్తుదాసు అప్పటికే బండి వైపు నడుస్తున్నాడు.

*

ఇంట్లో దీపం వేశారు. కెజియా సంచి భుజం దిగి గడప పక్కన గోడకు ఆనింది. పోలేదు, లోపలికీ రాలేదు. రెబెక్కమ్మ ఏరిన బియ్యం డబ్బాలో పోస్తోంది.

క్రీస్తుదాసు ఇసుక కాళ్లతోనే లోపలికి వచ్చాడు. కడుక్కుంటే ఆలోగా ధైర్యం పోతుందని అతనికి తెలుసు.

"అత్తా. ఆ పొద్దు పట్టుబడి లేదు."

బియ్యం పోసే చప్పుడు ఆగలేదు.

"తెలుసు," అంది రెబెక్కమ్మ.

"ఎప్పటినుంచి?"

"వరండాలో నువ్వు చెప్పినప్పటినుంచే. పౌర్ణమి నాడు పట్టుబడి ఉండదని నాకు నువ్వు చెప్పాల్నా? నా కూతురు లోపల గుడ్డ కప్పుకోని పడుండాది. నేను బయట నీ మొగం చూస్తుండా. వీడు అబద్ధం చెప్తుండాడు అనుకున్నా. బాగా చెప్పేదానికి కూడా చేతకాలా అనుకున్నా."

కెజియా గోడ వదిలి ముందుకొచ్చింది. "అవ్వా! మరి మందిరంలో నిలబడి నువ్వు చెప్పింది?"

"అబద్ధమే. తెలిసే చెప్పినా. ఆ లెక్క నాకూ దేవుడికీ."

"ఎందుకు?"

"ఎందుకంటే?" రెబెక్కమ్మ డబ్బా మూత గట్టిగా నొక్కింది. "పెళ్లాం ఊపిరాడక చస్తుంటే మొగుడు ఇంకోదాని కొంపలో ఉండాడని పదిమంది అనుకుంటే ఎవరికమ్మా పరువు తక్కువ? వీడికా? చచ్చిపోయిన నా బిడ్డకు. రేపు పెళ్లి కావాల్సిన నీకు."

కెజియా తండ్రి వైపు తిరిగింది.

"ఇంకోదాని కొంపా?" అన్నాడు క్రీస్తుదాసు.

"తెల్లారుజామున నాలుగున్నరకు సెంటు కొట్టుకోని, కొత్త బూట్లేసుకోని పోతావంట. పేరమ్మ చెప్పింది. ఇంకేమనుకుంటారు? ఏడాదిగా నీ ఇంట్లో ఉండి నీకు సంగటి వండిపెడతా ఎదురుచూస్తుండా, అది ఎప్పుడు గడప తొక్కతదా అని. మందిరంలో ఆడోళ్లందరి మొగాలూ చూసినా. ఇదా, అదా అని. పాట పాడేదాన్ని చూసినా, కానుక వేసేదాన్ని చూసినా. పాపం, అందరూ నాకు వందనాలు చెప్తారు."

అతను జాలి అనుకున్న చూపు అది.

"కాదు అత్తా. ఒట్టు. పరిగెత్తతా ఉండా. సముద్రం ఒడ్డున. కంపెనీ వాళ్లతో ప్రాక్టీసు."

రెబెక్కమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైంది. అది మంచి నవ్వు కాదు.

"ఈ ఏడంటే నా బిడ్డ పేరు మీద పరిగెత్తతావు. పోయినేడు, యాభై ఏళ్ల మనిషి, తెల్లారుజామున పరుగా? దీనికంటే పట్టుబడే నయం గదయ్యా."

"దేవుడి తోడు."

"దేవుణ్ణి మనిద్దరం ఇప్పటికే చాలా వాడుకున్నాం. వొదిలెయ్."

నిజం చెబితే బరువు దిగుతుందనుకున్నాడు. నిజానికి ఏడాది ఆలస్యమైంది. ఇప్పుడది అబద్ధం కంటే చవకగా కనపడుతోంది.

కెజియా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. నర్సింగు చదివే పిల్ల. గొంతు పెంచకుండా అడగడం అక్కడే నేర్చుకుంది.

"పరిగెత్తతా ఉంటే ఫోను ఏమైంది నాయనా?"

ఇక్కడ అతను ఆగాడు. చెప్పడానికి ఇదే చోటు. అతని నియమం, అతని పెట్టె, అతని చేత్తో నొక్కిన మూత. నాలుగు మాటలు చాలు.

"కంపెనీ వ్యానులో పెట్టినా," అన్నాడు. "అందరివీ వ్యానులోనే."

సగం చెప్పి సగం మింగాడు. మింగింది అసలుది.

"అమ్మకు 108కి చెయ్యాలని తెలియదా?" అంది కెజియా. "తెలుసు. నేనే నేర్పించినా. నువ్వు ఎత్తుతావనుకోని నీకే చేస్తా ఉండిపోయింది. ఏడుసార్లు."

"కిషోర్‌ను అడుగు," అన్నాడు క్రీస్తుదాసు రెబెక్కమ్మ వైపు తిరిగి. కూతురి ముఖం చూడలేక ఆమె వైపు తిరిగాడు. "ఆ పొద్దుటి ఫోటో ఉంది వాడి కాడ. టైముతో సహా ఉంది. చూసి నమ్ముదువు."

ఫోన్ తీసి కిషోర్ బాబుకు చేశాడు. "ఆ ఫోటో పంపు. ఇప్పుడే. నా నంబరుకి." అవతల కిషోర్ బాబు ఏదో అంటున్నాడు. "వొద్దన్నా, ఒకసారి మళ్లీ ఆలోచించు, అందులో..." పూర్తిగా వినకుండానే పెట్టేశాడు. ఇంకో ఆడదుందన్న నింద కడుక్కోవాలన్న ఆత్రంలో ఉన్నాడు. ఆ ఆత్రం తప్ప అతనికి ఇంకేమీ కనపడలేదు.

ఫోన్ గుర్రుమంది. రెబెక్కమ్మే ముందు లాక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుని దీపం కిందికి పోయింది.

చాలాసేపు చూసింది.

చీకటి విడుతున్న సముద్రం, మూలన తేదీ, టైము. బనియన్లలో పది మంది. అంచున గంగాభవాని రెండు చేతులూ ఎత్తి ఉంది. మధ్యలో క్రీస్తుదాసు కూచుని, ఒక కాలు ఎత్తి బూటు దారం కట్టుకుంటూ, కిషోర్ బాబు వైపు చూసి నోరారా నవ్వుతున్నాడు.

"పరుగే," అంది రెబెక్కమ్మ. "నిజంగానే పరిగెత్తేదానికే పోయినాడు. ఇది ఆడదాని సంగతి కాదు. స్తోత్రం తండ్రీ. స్తోత్రం." గోడకున్న చొక్కా అంచు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "ఏడాది నిన్ను పురుగు మాదిరి చూసినా నాయనా. నీ చేతికి మంచినీళ్లు ఇచ్చేదానికి కూడా మనసొప్పేది కాదు. రేపు కూడికలో లేస్తా. నా నోటితో చెప్పిన అబద్ధం నా నోటితోనే తీసేస్తా. నా అల్లుడు ఏ పాపం ఎరగడు, పాపం పరుగుకి పోయినాడు అని చెప్తా."

క్రీస్తుదాసు కాళ్ల కింద నేల కాస్త గట్టిపడినట్టయింది. చెయ్యి చాచి ఫోన్ తీసుకోబోయాడు.

అప్పటికే అది కెజియా చేతిలో ఉంది.

ఆమె సంచి జిప్పు లాగింది. లోపలి అరలోంచి ఇంకో ఫోన్ తీసింది. అంచులు చెక్కుపోయిన పాత ఫోను. అబిగయీలుది. హాస్టల్లో రోజూ దానికి చార్జింగు పెడుతుందని అతనికి తెలియదు. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది.

"ఫోటో తీసింది అయిదూ నలభై ఒకటికి," అంది. "అమ్మ రెండో సారి చేసింది అయిదూ నలభై ఒకటికి."

"అయ్యో, మోగతానే ఉందన్నమాట," అంది రెబెక్కమ్మ. "పాపం, వ్యాను యాడో దూరంగా ఉన్నట్టుంది."

కెజియా రెండు వేళ్లు ఫోటో మీద పెట్టి విడదీసింది. తండ్రి ముఖం పెద్దదయింది. నవ్వు పెద్దదయింది. ఆమె ఫోటోను నెమ్మదిగా పైకి జరిపింది. ముఖం పోయింది. మోకాలు పోయింది. బూటు పోయింది. దాని కింద తెల్లగా, చతురస్రంగా ఏదో కనపడింది.

కిషోర్ బాబు ఏమి చెప్పబోయాడో అతనికి అప్పుడు అర్థమైంది.

"స్తోత్రం," అంటూనే ఉంది రెబెక్కమ్మ, చొక్కా మీది అక్షరాలను వంకర వేళ్లతో సర్దుతూ.

కెజియా తల ఎత్తింది.

"నాయనా," అంది. "నువ్వు దేని మీద కూచోనుండావు?"